ఏమీ అడగని అర్జీ

1994 ఎండాకాలం. ఎమ్మెల్యేగారి ఇంటి ముందు వేపచెట్టు కింద ఆరుగురం ఆడవాళ్లం కూర్చున్నాం. మా అర్జీ చదివి పీఏ తల గోక్కున్నాడు.

“లోన్ ఎంత కావాలె?”

లోన్ వద్దన్నాం.

“మరి బిల్డింగా?”

అదీ వద్దన్నాం. మా పొదుపు సంఘానికి అధ్యక్షురాలు మా పెద్దమ్మే. ఆమె కొంగు సర్దుకుని చెప్పింది: “ఏమొద్దు బిడ్డా. మా పైసలు మేమే దాసుకుంటం, మేమే అప్పు తీసుకుంటం. మధ్యల ఎవరూ రావద్దని ఒక చట్టం చెయ్యుమని చెప్పు సారుకు.”

అతను కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశాడు. అసలు కోరిక అక్కడ రాశామేమో అనుకున్నాడు పాపం.

అప్పటికి నాకు ఇరవై ఒకటి. ఇంటర్ పాసయ్యానని సంఘం లెక్కలు నాకు అప్పజెప్పారు. నెలకు మనిషికి పది రూపాయల పొదుపు, అప్పు తీసుకుంటే నూటికి రెండు రూపాయల మిత్తి. పుస్తకాలన్నీ సరిగ్గానే ఉండేవి, సంఘానికి మాత్రం రిజిస్ట్రేషన్ లేదు. కావాలనే చేయించుకోలేదు. ఎందుకంటే అప్పుడున్నది ఒక్క 1964 సహకార సంఘాల చట్టమే. అది ఎలా పనిచేస్తుందో మా నాన్న సభ్యుడిగా ఉన్న సొసైటీలో కళ్లారా చూశాం. పాలకవర్గం గడువు అయిపోయింది, ఎన్నికలు వాయిదా పడ్డాయి, పాలకవర్గం బదులు ప్రభుత్వం పెట్టిన పర్సనిన్‌చార్జి వచ్చి కూర్చున్నాడు. మళ్లీ ఓటు వేసే రోజు కోసం మా నాన్న ఏళ్లు ఎదురుచూశాడు. ఆ రోజుల్లో మా ఊళ్లో చదువు రానివాళ్లకు కూడా సెక్షన్ల నంబర్లు తెలుసు. “యాభై ఒకటి పెట్టిన్రట” అంటే ఎంక్వైరీ. “ముప్పై నాలుగు” అంటే పాలకవర్గాన్ని తీసిపారేయడం. “అరవై” అంటే సర్‌చార్జి, సంఘానికి జరిగిన నష్టం నువ్వే కట్టమని ఇంటిమీదికి వచ్చే నోటీసు. తప్పు చేసినవాడి మీదే ఇవి పడేవంటే నేను నమ్మను. అధికార పార్టీకి పడనివాడి మీదా పడేవి.

మేం ఆరుగురం అనుకోకుండా అక్కడికి వెళ్లలేదు. హైదరాబాద్‌లో సహకార సంఘాల కోసం పనిచేసే కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ వాళ్లు, రామారెడ్డిగారు, శశి రాజగోపాలన్‌గారు లాంటివాళ్లు, ఇలాంటి చట్టం కోసమే ఏళ్లుగా అధికారుల చుట్టూ, అన్ని పార్టీల నాయకుల చుట్టూ తిరుగుతున్నారు. ప్రణాళికా సంఘం వేసిన చౌదరి బ్రహ్మప్రకాశ్ కమిటీ 1991లో ఒక నమూనా చట్టం రాసి పెట్టింది. చాలా రాష్ట్రాల్లో అది బీరువాల్లోనే ఉండిపోయింది. ఇక్కడ బయటికి తీయించారు. 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. దేశంలో అలాంటిది అదే మొదటిది. ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు కలిపి మా నోట్లో అది “మ్యాక్స్” అయిపోయింది.

ఎలా సాధ్యమైందని ఇప్పటి పిల్లలు అడుగుతుంటారు. ధర్నాలు చేశారా, హైదరాబాద్ రోడ్లెక్కారా అని. నాకు అర్థమైనంతలో రెండు విషయాలు పనిచేశాయి. ఒకటి, పెద్దమ్మ చెప్పిన మాటే. ప్రభుత్వ వాటాధనం తీసుకోని సంఘం మీద ప్రభుత్వ పెత్తనం ఎందుకని అడిగితే ఎదుటివాడి దగ్గర జవాబు ఉండదు. డబ్బు అడిగితే ఆర్థిక శాఖ అడ్డు చెప్తుంది. వద్దంటే ఎవరు అడ్డు చెప్తారు?

రెండోదాన్ని ఎవరూ గొప్పగా చెప్పుకోరు కానీ అసలు కిటుకు అదే. పాత చట్టాన్ని ముట్టుకోలేదు. 1964ది 1964దిగానే ఉంది, పక్కన ఇంకోటి వచ్చింది. కొత్తవాళ్లు కొత్తదాంట్లో రిజిస్టర్ కావచ్చు, పాతవాళ్లు సర్కారు వాటా తిరిగి కట్టేసి ఇటు మారొచ్చు, లేదంటే ఉన్నచోటే ఉండొచ్చు. సింగిల్ విండోల, అంటే ఊళ్లలో రైతులకు అప్పులిచ్చే పాత సొసైటీల, చైర్మన్ల కుర్చీలు కదల్లేదు. కుర్చీ పోదని తెలిశాక ఎమ్మెల్యేలకు ఇది పెద్దగా పట్టని బిల్లు అయింది.

పట్టని బిల్లు పాసవడం సులువు. దానికి కాపలా కాసేవాళ్లు ఉండరు. ఈ రెండో సగం మాకు పదకొండేళ్ల తర్వాత తెలిసింది.

2006లో ప్రభుత్వం చట్టం సవరించి, మ్యాక్స్ కిందికి మారిన పాల డెయిరీలను మళ్లీ 1964 చట్టం కిందివేనని చెప్పేసింది. సభ్యులను అడిగింది లేదు, సర్వసభ్య సమావేశం లేదు. మా మహిళా సంఘాల్లో పెద్ద భయం పట్టుకుంది. ముల్కనూరులో మహిళలు సొంతంగా డెయిరీ పెట్టుకుని అప్పటికి నాలుగేళ్లే. “ఇయ్యాల పాలోళ్లది, రేపు మనది” అని పెద్దమ్మ రాత్రిళ్లు నిద్రపోలేదు. అసెంబ్లీలో మా తరఫున గట్టిగా లేచి నిలబడేవాళ్ల కోసం వెతికాం. 1995లో అభ్యంతరం లేదన్నవాళ్లు దొరికారు, 2006లో అభ్యంతరం చెప్పేవాళ్లు దొరకలేదు. చివరికి కోర్టే కాపాడింది. హైకోర్టు ఆ సవరణ చెల్లదంది. 2011 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా అదే మాట ఖాయం చేసింది, సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగంలోని 19వ అధికరణంలో ఉందని గుర్తుచేస్తూ. ఒడిశాలో మాత్రం 2001లో తెచ్చిన ఇలాంటి చట్టాన్నే 2013లో రద్దు చేసిపారేశారు.

ఇదంతా ఇప్పుడు గుర్తు రావడానికి కారణం, పోయిన నెల హన్మకొండలో ఒక మీటింగు. స్వచ్ఛంద సంస్థల పిల్లలు, విదేశీ విరాళాల చట్టం మార్చాలని ఎంపీగారికి అర్జీ రాస్తున్నారు. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ విరాళం ఇంకో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు. పరిపాలన ఖర్చు పరిమితి యాభై శాతం నుంచి ఇరవైకి దిగింది. ఖాతా ఢిల్లీలో ఒకే ఒక్క ఎస్‌బీఐ బ్రాంచిలో తెరవాలి. కష్టమే, కాదనను. పట్నంలో పెద్ద సంస్థ ఇచ్చే డబ్బు మీద నడిచిన చిన్న కుట్టు కేంద్రం ఒకటి నాకు తెలిసిందే మూతపడింది.

అర్జీలో పద్నాలుగు డిమాండ్లు ఉన్నాయి. పౌర సమాజం అనే మాట తొమ్మిదిసార్లు వచ్చింది, లెక్కపెట్టాను. కుట్టు కేంద్రం ఒక్కసారీ రాలేదు.

“అక్కా, మీరెట్ల చేసిండ్రో చెప్పు” అన్నారు. మా దారి వీళ్లకు సరిపోదని తెలుసు. మేం డబ్బు వద్దన్నాం, వీళ్లు బయటి డబ్బు కావాలంటున్నారు. విదేశీ డబ్బు అనగానే ఏ పార్టీ ఎంపీ అయినా చుట్టూ చూస్తాడు, ఎవరైనా వింటున్నారా అని. అది వాళ్లకు మొహం మీదే చెప్పాను. పద్నాలుగులో పదమూడు కొట్టేసి ఒక్కటి ఉంచమన్నాను. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ, రిజిస్ట్రేషన్ ఉన్న ఇంకో చిన్న సంస్థకు, లెక్క చూపించి ఇవ్వొచ్చు. అంతే. దానికి ఎవరు అడ్డు చెప్తారో ముందు వాళ్ల ఇంటికి వెళ్లండన్నాను. ఒక అబ్బాయికి కోపం వచ్చింది, మిగతా పదమూడు అన్యాయాల సంగతేంటని. నా దగ్గర మంచి జవాబు లేదు. మేమూ 1995లో పాత చట్టం కింద ఉన్నవాళ్లను అక్కడే వదిలేసి వచ్చినవాళ్లమే. మా నాన్నతో సహా.

ఎంపీగారు వచ్చే మంగళవారం టైం ఇచ్చారు. కుట్టు కేంద్రం టీచరమ్మను కూడా రమ్మన్నాం, ఆఖరి మూడేళ్ల జమాఖర్చు పుస్తకంతో. జిరాక్సులు నేనే తీయిస్తున్నా. పదో పేజీలో ఇంకు చెరిగిపోయింది, దాన్ని మళ్లీ రాయాలి.