ఢిల్లీ ముద్రకు ముందు ఇంట్లోనే చూసుకోవలసినవి

రాయచోటి, రాజంపేట, కడప ప్రాంతాల నుంచి కువైట్‌కు వెళ్లి బతుకుతున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఈ మధ్య మా పిల్లలు సౌదీకి, కెనడాకు, జర్మనీకి కూడా వెళుతున్నారు. మన సర్టిఫికెట్లు ఆ దేశాల్లో చెల్లాలంటే వాటిపై మన ప్రభుత్వ ధ్రువీకరణ ముద్ర పడాలి. దాన్నే నేను ఢిల్లీ ముద్ర అంటున్నాను. ఉద్యోగ విరమణ తర్వాత నాకు తీరిక దొరికిందనీ, ఇంగ్లీషు దరఖాస్తులు చదివి నింపిపెడతాననీ తెలిసిన ఇరుగుపొరుగువారు సర్టిఫికెట్ల సంచి పట్టుకుని మా ఇంటికి వస్తుంటారు. "సార్, ఇది ఢిల్లీకి పంపల్లంట, ఎంతయితాది?" అన్నదే చాలామంది మొదటి ప్రశ్న. ఏ దేశానికి, ఏ పనికి అన్నది నేను అడిగే మొదటి ప్రశ్న. ఆ రెండూ తేలకుండా కాగితం ఇల్లు దాటితే, పడకూడని ముద్ర పడవచ్చు, పడవలసిన ముద్ర మిగిలిపోవచ్చు.

ఒక దేశపు అధికారి సంతకాన్ని మరొక దేశం నమ్మడానికి పూర్వం కాగితం ఎన్నో కార్యాలయాల గడప ఎక్కి దిగవలసి వచ్చేది. ఆ శ్రమను తగ్గించడానికి 1961 అక్టోబర్ 5న హేగ్ నగరంలో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం కాగితం పుట్టిన దేశంలో నియమిత అధికారి ఒకే ఒక ధ్రువీకరణ ఇస్తే, ఒప్పందంలో ఉన్న మిగతా దేశాలు రాయబార కార్యాలయం ముద్ర అడగకుండానే దాన్ని అంగీకరించాలి. ఆ ధ్రువీకరణ పేరే అపోస్టిల్. మన దేశంలో ఇది 2005 జూలై 14 నుంచి అమలులో ఉంది, ఇచ్చేది కేంద్ర విదేశాంగ శాఖ. గల్ఫ్ దేశాల్లో ఒమన్ 2012లో, బహ్రెయిన్ 2013లో, సౌదీ అరేబియా 2022 డిసెంబర్‌లో ఈ ఒప్పందంలోకి వచ్చాయి. చైనా 2023 నవంబర్‌లో, కెనడా 2024 జనవరిలో చేరాయి. మావాళ్లు ఎక్కువగా వెళ్లే కువైట్ మాత్రం, ఖతర్, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లాగే, నేను ఇది రాసేనాటికి ఇందులో లేదు. జర్మనీ సంగతి వేరు. అది ఒప్పందంలో ఉన్నా, భారత్ చేరికకు అభ్యంతరం తెలిపినందువల్ల మన అపోస్టిల్ అక్కడ చెల్లదు. జర్మనీకి వెళ్లేవారు వారి కాన్సులేట్ ఏ పద్ధతిలో పరిశీలన కోరుతున్నదో కనుక్కుని ఆ ప్రకారమే నడవాలి.

ఒప్పందంలో లేని దేశాలకు పాత పద్ధతిలోనే ఒక్కొక్క మెట్టుగా ముద్రలు పడాలి. కువైట్‌కు భార్యాబిడ్డలను పిలిపించుకోదలచిన వ్యక్తి వివాహ ధ్రువపత్రాన్ని తీసుకుందాం. సబ్ రిజిస్ట్రార్ సంతకం చేసిన ఆ పత్రాన్ని ముందు రాష్ట్ర ప్రభుత్వ అధికారి ధ్రువీకరించాలి. జనన, వివాహ పత్రాలైతే హోం శాఖ లేదా సాధారణ పరిపాలన శాఖ ద్వారా, చదువుకు సంబంధించినవైతే విద్యా శాఖ ద్వారా ఈ దశ జరుగుతుంది. తర్వాత విదేశాంగ శాఖ, ఆ తర్వాత ఢిల్లీలోని కువైట్ రాయబార కార్యాలయం, చివరికి కువైట్‌లో అక్కడి విదేశాంగ శాఖ ముద్ర వేస్తాయి. ప్రతి అధికారీ తనకు ముందు సంతకం చేసినవారి సంతకాన్ని మాత్రమే గుర్తిస్తాడు కనుక మధ్యలో ఒక మెట్టు దాటవేస్తే పైమెట్టువారు కాగితాన్ని తిప్పి పంపుతారు. రాష్ట్ర ధ్రువీకరణకు ఆలస్యమవుతుందని కొందరు ఏజెంట్లు ఢిల్లీలోని సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ సంతకంతో పని ముగిస్తుంటారు. ఆ దారిని కొన్ని రాయబార కార్యాలయాలు, ముఖ్యంగా విద్యా పత్రాల విషయంలో, ఒప్పుకోవు. డబ్బు ఇచ్చే ముందే ఏ దారిలో పంపుతున్నారో ఏజెంటును స్పష్టంగా అడగడం మీ హక్కు.

అపోస్టిల్ స్టిక్కరును దగ్గరగా చూసినవారు తక్కువ. చతురస్రాకారంలో ఉండే దానిపై పది అంశాలు వరుస సంఖ్యలతో ఉంటాయి. కాగితం ఏ దేశానిది, సంతకం ఎవరిది, ఏ హోదాలో చేశారు, ముద్ర ఏ కార్యాలయానిది, ధ్రువీకరించిన ఊరు, తేదీ, అధికారి, క్రమసంఖ్య, ఆపైన ఆ అధికారి ముద్ర, సంతకం. ఈ పదింటిలో ఎక్కడా మీ మార్కులు నిజమనీ, మీ పేరు సరిగ్గా ఉందనీ రాయరు. కాగితం మీద సంతకం చేసిన అధికారి నిజంగా ఆ అధికారేనన్నంతవరకే దాని సాక్ష్యం. లోపల తప్పు ఉన్న కాగితానికి ఎన్ని ముద్రలు పడినా ఆ తప్పు అలాగే ఉండి, ఆ ముద్రలతో సహా విమానం ఎక్కుతుంది. నేను ఇంతగా పట్టుబట్టి చెప్పేది ఈ ఒక్క విషయం కోసమే.

మా ప్రాంతంలో ఆ తప్పు నూటికి తొంభై పాళ్లు పేరులోనే దాగి ఉంటుందని నా అనుభవం. బడిలో చేర్పించిన రోజు పంతులుగారు ఇంటిపేరుకు పొడి అక్షరం వేసి రాసుకుంటారు. టెన్త్ సర్టిఫికెట్‌లో అదే పొడి అక్షరం వస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విడమరచి ఉంటుంది. షేక్, సయ్యద్, పఠాన్ అన్న మాటలు ఒక కాగితంలో పేరుకు ముందు, మరొకదానిలో పేరుకు తర్వాత, ఇంకొకదానిలో ఒట్టి "ఎస్" గానో "పి" గానో కనిపిస్తాయి. బాషా అన్న పేరును ఇంగ్లీషులో ఒకచోట రెండు "ఏ"లతో, మరొకచోట మూడింటితో రాస్తారు. రెడ్డి కొన్నిచోట్ల పేరులో కలిసిపోతుంది, కొన్నిచోట్ల విడిగా నిలబడుతుంది. ఇవన్నీ ఒక్క మనిషి పేరేనని మనకు చూడగానే తెలుస్తుంది. కువైట్‌లో కంప్యూటరు ముందు కూర్చున్న గుమాస్తాకు అవి ఇద్దరు మనుషులుగా కనిపిస్తే ఆయనను తప్పుపట్టలేము.

అందుకే నా దగ్గరకు వచ్చినవారితో ముందు అన్ని కాగితాలనూ బల్లమీద వరుసగా పరిపించి, పాస్‌పోర్టును పక్కన పెట్టుకుని, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఒక్కొక్క అక్షరంగా వేలు పెట్టి చదివిస్తాను. భార్య పేరు ఆమె పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరుతో ఉందా, అత్తింటి ఇంటిపేరుతో ఉందా అన్నది తప్పకుండా చూడాలి. పాత జనన ధ్రువపత్రాల్లో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉండిపోవడం కూడా మామూలే. మగబిడ్డ అనో ఆడబిడ్డ అనో మాత్రమే ఉన్న ఆ పత్రంలో ముందు మునిసిపాలిటీలోనో పంచాయతీలోనో పేరు నమోదు చేయించుకోవాలి. టెన్త్ సర్టిఫికెట్‌లో సవరణ కావాలంటే చదివిన బడి ప్రధానోపాధ్యాయుని ద్వారా జిల్లా విద్యాధికారికి, అక్కడి నుంచి ప్రభుత్వ పరీక్షల విభాగానికి ప్రతిపాదన వెళ్లాలి. ఆ దారి నిదానమైనది. తప్పు పాస్‌పోర్టులోనే ఉండి, దానిమీద ఇంకా వీసా పడకపోతే, పాస్‌పోర్టు సరిచేయించుకోవడమే తేలిక. రెండు పేర్లూ ఒకే మనిషివంటూ నోటరీ దగ్గర రాయించుకున్న అఫిడవిట్ కొన్నిచోట్ల పనికివస్తుంది, కొన్నిచోట్ల రాదు. దాన్నే నమ్ముకుని కూర్చోవద్దని చెబుతుంటాను.

రెండో జాగ్రత్త లామినేషన్. సర్టిఫికెట్ పదిలంగా ఉండాలని మా అమ్మానాన్నల తరంవారు ప్రేమతో దాన్ని ప్లాస్టిక్కులో బిగించారు. ముద్రలు, స్టిక్కర్లు సాధారణంగా ఒరిజినల్ వెనకవైపు పడతాయి. ప్లాస్టిక్ మీద సిరా నిలవదు, దాన్ని ఊడదీయబోతే వెనక సిరా, కొన్నిసార్లు కాగితమే లేచివస్తుంది. ఇంట్లో ప్రయత్నించకుండా, సంబంధిత బోర్డునో విశ్వవిద్యాలయాన్నో నకలు పత్రం అడగడం మంచిది. డిగ్రీ విషయంలో ప్రొవిజనల్ (తాత్కాలిక పత్రం) సరిపోతుందా, ఓ.డి. (ఒరిజినల్ డిగ్రీ, అంటే అసలు పట్టా) కావాలా అన్నది ముందే కనుక్కోవాలి. విశ్వవిద్యాలయం నుంచి ఓ.డి. తీసుకోకుండా వదిలేసినవారు మా వైపు ఎందరో ఉన్నారు.

ఖర్చు గురించి కూడా చెప్పాలి. అపోస్టిల్‌కు విదేశాంగ శాఖ తీసుకునే రుసుము పత్రానికి 50 రూపాయలు. 2012 నుంచి ఆ శాఖ ప్రజల దగ్గర నేరుగా కాగితాలు తీసుకోకుండా, తాను నియమించిన సంస్థల ద్వారానే తీసుకుంటోంది. వారి సేవా రుసుము వేరు. 2019 నుంచి హైదరాబాద్‌లో కూడా ఈ పని జరుగుతోంది కనుక ప్రతి కాగితమూ ఢిల్లీ వెళ్లనక్కరలేదు. పత్రాల ధ్రువీకరణకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఇ-సనద్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో నమోదైన సంస్థలు ఇచ్చిన పత్రాలకు దరఖాస్తు అంతా ఇంటి నుంచే చేసుకోవచ్చు. నియమిత సంస్థల పేర్లు విదేశాంగ శాఖ వెబ్‌సైటులో ఉంటాయి, ఏజెంటు చెప్పిన పేరు అందులో ఉందో లేదో చూసుకోండి. రాయబార కార్యాలయం రుసుము, రాష్ట్ర దశ ఖర్చు, ఏజెంటు కూలి వేరువేరుగా రాసి ఇమ్మనండి. మొత్తం ఒక్క అంకెగా చెప్పేవారి దగ్గర మీకు ఏది ఎంతో తెలియదు. స్టిక్కరు చేతికి వచ్చాక దాని సంఖ్యను విదేశాంగ శాఖ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు.

ఇంజినీరింగ్ చదివి కువైట్ వెళ్లే పిల్లలకు మరొక మాట. ముద్రలన్నీ సక్రమంగా పడినా పట్టాకు అక్కడ గుర్తింపు రాకపోవచ్చు. 2018లో కువైట్ ప్రభుత్వం ఇంజినీర్ల నివాస అనుమతి పునరుద్ధరణకు అక్కడి ఇంజినీర్ల సొసైటీ అంగీకారం తప్పనిసరి చేసింది. ఆ సొసైటీ మన ఎన్.బి.ఎ. (సాంకేతిక కోర్సులకు గుర్తింపునిచ్చే నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్) గుర్తింపు ఉన్న కోర్సులనే లెక్కలోకి తీసుకోవడంతో, ఏళ్ల తరబడి అక్కడ పనిచేస్తున్న భారతీయ ఇంజినీర్లు కూడా ఇబ్బంది పడ్డారు. ఎన్.బి.ఎ. గుర్తింపు మొత్తం కళాశాలకు కాక ఒక్కొక్క కోర్సుకు, అదీ నిర్ణీత సంవత్సరాలకు ఇస్తారు. కాబట్టి ఓ.డి.ని అటెస్టేషన్‌కు పంపే ముందే, మీరు చదివిన బ్రాంచికి మీరు చదివిన సంవత్సరాల్లో ఆ గుర్తింపు ఉందో లేదో కళాశాల కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.