టేపు కాదు, భూతద్దం తీయండి

పాత సినిమా పోస్టర్లంటే నాకు ప్రాణం. కొనేటప్పుడు సైజు చూడాలా, బొమ్మ చూడాలా అన్నదే ప్రశ్న. 30x40 అంగుళాల సింగిల్ షీట్ ఫ్రేములో చక్కగా ఇముడుతుంది కాబట్టి దానికి గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. ఆరు కాగితాలు కలిపి అంటిస్తే ఒకే పెద్ద బొమ్మయ్యే సిక్స్ షీట్ సంగతి వేరు. మా కావలి ట్రంకు రోడ్డు గోడల మీద మైదాతో అంటించినవన్నీ వానకు పోయాయి. వాడని సెట్టు, ఆరు ముక్కలూ ఒకేచోట దొరికితే వదలకండి, ఎక్కడ పెట్టాలో తర్వాత చూసుకోవచ్చు.

అయినా నా లెక్కలో బొమ్మే ముందు. ‘సాక్షి’ (1967)తో మొదలుపెట్టిన పోస్టర్ చిత్రకారుడు ఈశ్వర్ గారి కుంచె ముందు, ఫొటోలు అతికించిన పోస్టర్ ఎంత పెద్దదైనా దిగదుడుపే. చేత్తో పలక మీద గీసి అచ్చువేసిన పాత లిథో పోస్టర్లో రంగు గరుగ్గా కనిపిస్తుంది. ఈమధ్య తీసిన కాపీలో అయితే భూతద్దం కింద సన్న చుక్కలు వరుసకట్టి ఉంటాయి. మడతల్లో రంగు రాలినా కొంటాను. హీరోయిన్ కన్ను దగ్గర చిరిగితే మాత్రం సగం ధరకిచ్చినా వద్దు.