తిరుపతిలో కోషర్ అతిథికి వంట: కొత్త కుండ, విస్తరాకు

కోషర్, అంటే యూదుల ఆహార నియమాలు, పాటించే అతిథి తిరుపతి వస్తున్నారంటే, ప్యూర్ వెజ్ హోటళ్లకు కొదవలేదు కదా అని నిశ్చింతగా ఉండకండి. కోషర్‌లో గిన్నెకీ లెక్క ఉంది, పొయ్యి ఎవరు వెలిగించారన్నదానికీ లెక్క ఉంది, ఆకుకూరలో పురుగుకీ లెక్క ఉంది. ప్యాకెట్ మీది ఆకుపచ్చ చుక్క వీటిలో ఒక్కటీ చెప్పదు.

నాటుకోడి మాట ముందే వదిలేయండి. కోడి, మేక నిషిద్ధం కాకపోయినా, శిక్షణ పొందిన యూదుడు వాళ్ల పద్ధతిలో కోస్తేనే పనికొస్తాయి.

గిన్నెల దగ్గర మన పల్లె సామానే ఆదుకుంటుంది. యూదులు కానివారి దగ్గర కొన్న లోహపు, గాజు పాత్రలు కొత్తవైనా సరే, వాడేముందు సముద్రంలోనో, ఊట నీళ్లలోనో, మిక్వా అనే కొలనులోనో ముంచాలి. మెరుగుపూత లేని మట్టికి, రాతికి, కొయ్యకు ఆ నియమం లేదు. కొత్త మట్టికుండ, చెక్క తెడ్డు, చిన్న రాతిరోలు, ఒక కట్ట విస్తరాకులు కొంటే చాలు. ఇంట్లో వాడిన కుండ మాత్రం ఇవ్వకండి. లోహాన్ని మరిగే నీళ్లతో శుద్ధి చేయొచ్చు గానీ, మట్టి పీల్చుకున్నది వదలదని వాళ్ల శాస్త్రం. మైల వస్తే ఇత్తడి తోముకుని కుండ పారేసిన మన పెద్దల లెక్కా ఇదే. అంగడిలో నూనె రాసి, గంజి కాచి అమ్మే కుండ కూడా వద్దు. ఉత్త కుండను రోజంతా నానబెట్టి, సన్నమంట మీద మొదలుపెట్టండి. నానకుండా పెద్దమంట తగిలితే అడుగు పగులుతుంది.

వండేది మీరైనా మంట అతిథి చేతే వెలిగించండి. అష్కెనాజీలకు, అంటే తూర్పు, మధ్య ఐరోపా మూలాల యూదులకు, అది చాలు. స్పెయిన్, పోర్చుగల్ మూలాల సెఫార్డీలైతే కుండ పొయ్యి మీద పెట్టేదీ వాళ్లే కావాలి. ఏ వర్గం వారో ముందే అడగడం మర్యాదే.

ఏం వండాలంటే, సంగటి. ఇద్దరికి అరగ్లాసు బియ్యం ఏరి అరగంట నానబెట్టి, రెండున్నర గ్లాసుల నీళ్లలో మెత్తగా ఉడికించండి. జల్లించిన రాగిపిండి ముప్పావు గ్లాసు కుప్పగా పోసి, కలపకుండా మూతపెట్టి 5 నిమిషాలు మగ్గనిచ్చి, అప్పుడు గెలకండి. ముందే కలిపితే ఉండలు కడుతుంది. పక్కన చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు రోట్లో దంచిన ఊరిబిండి. ఉల్లి, వెల్లుల్లి, నిమ్మ వేయాలంటే అతిథి కత్తితోనే కోయాలి. ఘాటైనవి కత్తికున్న రుచిని లాగేస్తాయని నియమం. గోబీ మానేయండి, పూల మధ్య పురుగు వెతకడం అయ్యే పని కాదు. తోటకూర అయితే ఉప్పునీళ్లలో నానబెట్టి, కడిగి, ఒక్కో ఆకూ వెలుతురుకు పట్టి చూడాలి. సొరకాయతో ఈ బాధ లేదు.

కోయని మామిడి, అరటి నిక్షేపంగా ఇవ్వొచ్చు. చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో ఎగుమతి కోసం కోషర్ సర్టిఫికెట్ తీసుకున్నవి ఉన్నాయి. అయినా ఫ్యాక్టరీ పేరు నమ్మి కొనకండి, డబ్బా మీద సున్నాలో యూ అక్షరం లాంటి గుర్తు ఉండాలి.

లడ్డూ ప్రసాదం తీసుకోకపోతే నొచ్చుకోవద్దు. వేరే ఆరాధనలో నివేదించినది వాళ్లకు నిషిద్ధం. 2004లో యూదు మతగురువు రబ్బీ యోసెఫ్ షాలోమ్ ఎల్యాషివ్ తిరుమల తలనీలాలతో చేసిన విగ్గులు కూడా వాడరాదని తీర్పిచ్చారు. అది వాళ్ల నిష్ఠ, మన స్వామికి అవమానం కాదు.

శుక్రవారం పొద్దుగూకగానే వాళ్ల విశ్రాంతి దినం షబ్బత్ మొదలవుతుంది, ఆలోపు వంట ముగియాలి. శనివారం చీకటిపడే దాకా పొయ్యి, స్విచ్ ముట్టరు. ఇక్కడ నవంబరు చివర్లో 5:40కే పొద్దు గూకుతుంది, జూన్‌లో 6:40 దాకా ఉంటుంది. లిఫ్టు, కార్డు తాళం కూడా కరెంటువే కాబట్టి, గది కింది అంతస్తులో, కార్డు కాకుండా మామూలు తాళంచెవి ఉన్నది తీసుకోండి. శనివారానికి చింతపండు పులిహోర కలిపి, బాగా చల్లారాక మూతపెట్టండి. వేడి మీద మూతపెడితే ఆవిరి నీరు దిగి పొద్దున్నకే పాచిపోతుంది.