పెయిన్ డాక్టర్ దగ్గరికి మొదటిసారి వెళ్లేముందు నేను పడ్డ పాట్లు

నడుములో మొదలై ఎడమ పిక్క దాకా దిగే నొప్పితో 14 నెలలు తిరిగాక, ఎముకల డాక్టర్ గారు "ఆపరేషన్ అవసరం లేదు, ఒకసారి పెయిన్ స్పెషలిస్టుకు చూపించుకోండి" అని చీటీ రాసిచ్చారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని అక్కకు ఫోన్ చేసి, నన్ను వదిలించుకున్నారే అని ఏడ్చాను. పెయిన్ స్పెషలిస్టులంటే ఎవరో కూడా నాకు తెలియదు మరి. వాళ్లలో చాలామంది మొదట ఆపరేషన్లప్పుడు మత్తిచ్చే డాక్టర్లేనని, ఆ తర్వాత నొప్పి వైద్యంలో విడిగా శిక్షణ తీసుకుంటారని, నొప్పి 3 నెలలు దాటి ఉండిపోతే దాన్ని దీర్ఘకాలిక నొప్పి కింద చూస్తారని తర్వాత తెలిసింది.

అపాయింట్‌మెంట్ 12 రోజుల తర్వాత దొరికింది. ఈలోగా ఒంటికి, రెంటికి పట్టు తప్పినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, పాదం లేపలేకపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లమని ఎముకల డాక్టర్ గారే చెప్పి పంపారు. ఇది మాత్రం ఎవరూ మరిచిపోకండి.

మొదట మందుల సంచి మంచం మీద బోర్లించాను. 9 స్ట్రిప్పులు. నాలుగింటికి పేరున్న ముక్క షాపులోనే కత్తిరించి ఉంచేసుకున్నారు, నా చేతికొచ్చింది వట్టి వెండి రేకు. మిగతావాటి వెనక చిన్న అక్షరాలు ఫోన్‌లో ఫొటో తీసి పెద్దవి చేసి చదివితే, నొప్పికని రోజూ రెండుసార్లు వేసుకుంటున్న మాత్రలో 325 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ముందే కలిసి ఉంది, నేనేమో దానికి తోడు 650 మాత్ర మూడు పూటలా విడిగా మింగుతున్నాను. కూడితే రోజుకు 2,600 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటకూడదు, లివర్‌కు ప్రమాదం. గీత దాటలేదు సరే, అసలు గీత ఒకటుందనే తెలియకుండా ఇన్నాళ్లు మింగానంటే నా మీద నాకే చిరాకేసింది. అన్నీ ఒక కాగితం మీద రాశాను: పేరు, ఎంత పవరు, ఎన్ని రోజులు, ఎందుకు ఆపాను.

ఆ ఆఖరి గడి దగ్గరే దొరికిపోయాను. నరాల నొప్పికిచ్చిన ప్రీగాబలిన్ పక్కన "వాడాను, పని చేయలేదు" అని రాస్తే, పక్కన కూర్చున్న అక్క "ఎక్కడ వాడావు, నిద్ర ముంచుకొస్తోందని నాలుగో రోజే పక్కన పడేశావుగా" అంది. ఇలాంటి మందులు గుణమిస్తాయో లేదో తేలడానికి కొన్ని వారాలు పడుతుందట. పని చేయలేదు అని ఉంటే డాక్టర్ ఆ మందు జోలికే పోకపోవచ్చు, 4 రోజులకు ఆపాను అంటే మోతాదు తగ్గించి మళ్లీ చూడొచ్చు. కాగితం మీద కొట్టేసి నిజం రాశాను, అక్క ముందు పరువు పోయినా సరే.

తర్వాత నోట్‌బుక్. రోజూ నొప్పికి 0 నుంచి 10 లోపు ఒక అంకె వెయ్యమన్నారు పెయిన్ క్లినిక్ వాళ్లు. మొదటి మూడు రోజులు 9, 9, 10 వేశాను, తక్కువ వేస్తే ఎక్కడ తేలిగ్గా తీసుకుంటారో అని భయం. నాలుగో రోజు నాకే నవ్వొచ్చింది, 10 అంటే ఊహకందే నొప్పుల్లో అన్నిటికంటే పెద్దదట, నేనేమో 10 వేసి లేచి వెళ్లి బట్టలు ఆరేశాను. అంకెల కంటే మాటలే నాకు ఎక్కువ పనికొచ్చాయి. అన్నాళ్లూ డాక్టర్లందరికీ "నొప్పి" అని ఒక్క మాటే చెప్పాను కానీ, కూర్చుని గమనిస్తే నడుములో ఉన్నది సలుపు, కూర్చునే కొద్దీ పెరిగే సలుపు. తొడ వెనక గుంజుడు. పిక్కలో మంట. దగ్గినప్పుడు మాత్రం పైనుంచి కింది దాకా కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది, బొటనవేలి దగ్గర ఎప్పుడూ తిమ్మిరి. మంట, జివ్వుమనడం, తిమ్మిరి నరం వైపు చూపిస్తాయి, వట్టి సలుపైతే కండరమో కీలో కావచ్చు, అందుకని మందూ మారుతుంది. నోట్‌బుక్‌లో ఒక రోజు ఇలా ఉంది: "తెల్లవారుజాము 3. పక్కకు తిరిగితే జివ్వుమంది. దిండు మోకాళ్ల మధ్య పెట్టుకున్నా. అరగంటకు నిద్ర పట్టింది." డాక్టర్ గారు అన్నిటికంటే ఎక్కువసేపు చదివింది ఈ నాలుగు ముక్కలే.

ఎమ్మారై రిపోర్టుతో పాటు ఫిల్ములు కూడా పట్టుకెళ్లండి, చాలామంది డాక్టర్లు బొమ్మ స్వయంగా చూస్తారు. రిపోర్టులో "డిస్క్ బల్జ్" (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్క్ ఉబ్బడం) అన్న మాట చూసి నేను నెలలు బెంగపడ్డాను, ఏ నొప్పీ లేనివాళ్లకు తీసినా అది తరచుగా కనిపిస్తుందని పెయిన్ డాక్టరమ్మ చెప్పాకే ఊపిరి పీల్చుకున్నాను. రక్తం పలచబడే మందులు, షుగరు, అలర్జీలు ఉంటే అడక్కముందే చెప్పాలి. ఇంజెక్షన్ వెయ్యాల్సి వస్తే రక్తస్రావం భయం ఒకటి, అందులో ఉండే స్టెరాయిడ్ వల్ల షుగర్ పెరగడం ఒకటి. వదులుగా ఉండే బట్టలు వేసుకెళ్లండి. వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు వంచకుండా కాలు పైకెత్తి చూశారు, 40 డిగ్రీల దగ్గరే అరిచాను.

నాకు కోపం తెప్పించింది వాళ్లిచ్చిన ప్రశ్నల పత్రం. నిద్ర ఎలా ఉంది, దేని మీదా ఆసక్తి లేకుండా పోయిందా, దిగులుగా ఉంటోందా. అంటే నాది మనసులో పుట్టిన నొప్పి అనా? లోపలికి వెళ్లి అదే అడిగేశాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. "నొప్పి నిజమేనమ్మా, కాకపోతే నిద్ర లేకపోతే అదే నొప్పి రెట్టింపు అనిపిస్తుంది, రెండూ చూడకుండా ఒక్కదాన్ని తగ్గించలేం" అన్నారు.

ఇన్ని కాగితాలు మోసుకెళ్లిన నేను ఒక్క ప్రశ్నకు మాత్రం సిద్ధంగా లేను. "నొప్పి పూర్తిగా పోకపోవచ్చు, కొంత తగ్గిందనుకో, ముందు ఏం చెయ్యాలనుంది?" తడబడ్డాను. చివరికి, కుర్చీలోంచి లేవకుండా ఒక సినిమా చూడాలండి అన్నాను. "మొత్తమా?" అన్నారు. ఇంటర్వెల్ దాకా అయినా చాలన్నాను. నవ్వి, దాన్నే కేసు షీట్‌లో రాసుకున్నారు.

రాత్రి పూట తక్కువ మోతాదులో ఒక మాత్ర, ఫిజియోథెరపీ, 6 వారాల తర్వాత మళ్లీ రమ్మన్నారు. నోట్‌బుక్ తిరిగిస్తూ, అంకెల గడి పక్కనే ఒకేసారి ఎన్ని నిమిషాలు కూర్చోగలిగానో కూడా రాయమన్నారు. మొదటి రోజు 15 రాశాను. నిన్నటి గడిలో 22 ఉంది.