రక్తానికి ధర లేదు, బిల్లు ఉంది
గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) చుట్టూ క్యాన్సర్ పేషెంట్ల కోసం రక్తానికి తిరిగేవాళ్లకి ఓ మాట. రక్తాన్ని అమ్మకూడదు, ప్రాసెసింగ్ చార్జీయే తీసుకోవాలి. 2022 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ప్రైవేటు బ్లడ్ బ్యాంకులో ప్యాక్డ్ సెల్స్ (వేరు చేసిన ఎర్ర రక్తకణాలు) యూనిట్ 1,550 రూపాయలు, ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) యూనిట్ 400. నాట్ (రక్తంలో వైరస్‌లని పట్టే పరీక్ష) లాంటి అదనపు పరీక్షలకు వేరే. రసీదు తప్పకుండా అడగండి.

అసలు బరువు ప్లేట్‌లెట్లదే. మామూలు యూనిట్లయితే ఒక్కసారికే నాలుగు నుంచి ఆరు ఎక్కించాలి. ఒకే దాత నుంచి మెషిన్‌తో తీస్తే కిట్టుకే వేలవుతుంది. వాటి ఆయుష్షు 5 రోజులే, అదీ 22 డిగ్రీల దగ్గర, ఆగకుండా ఊగుతూ ఉంటేనే. పాపం, కొందరు ఐస్ డబ్బాలో పెట్టి తెస్తారు. చల్లదనానికి పాడైపోతాయి, డబ్బూ దాత శ్రమా రెండూ పోతాయి.

చాలా కీమోలకి ప్లేట్‌లెట్ల కౌంటు రెండో వారంలో పడిపోతుంది. దాతల్ని ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.