మీ వాళ్లందరికీ కబురు చేశారా?

గుండె రక్తనాళంలో కాల్షియం గడ్డకట్టిందని తెలిసిన రోజు మా ఆవిడ చేసిన మొదటి పని, నా తాంబూలం పెట్టెలోంచి సున్నం డబ్బా తీసి దాచెయ్యడం. ముప్ఫై ఏళ్లుగా ఆకుకు రాసుకున్న సున్నమే గుండెకు పట్టిందని ఎదురింటి పిన్నిగారు చెప్పారట. డాక్టర్ చెప్పిన కారణాలు వేరు. ఇరవై రెండేళ్ల షుగరు, ఉద్యోగం దిగిపోయేదాకా వదలని సిగరెట్లు, అరవై ఎనిమిదేళ్ల వయసు. నాళపు గోడలో కొవ్వు చేరి, ఏళ్ల తరబడి వాపుతో మగ్గి, చివరికి ఎముకలా గట్టిపడుతుందట. ఇంట్లో మాత్రం పిన్నిగారి మాటే నెగ్గింది.

నడిస్తే ఆయాసం, ఛాతీలో బిగింపు, యాంజియోగ్రామ్, ఎడమ వైపు ముందు నాళంలో తొంభై శాతం అడ్డు. ఇవి అందరికీ జరిగేవే. మా ఊరికి దగ్గర పట్టణంలోని ఆసుపత్రిలో, నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం, స్టెంటు వేస్తామని బల్ల ఎక్కించారు. వైరు దూరింది, దాని మీదుగా నాళాన్ని వెడల్పు చేసే బెలూన్ దూరలేదు. ఇంకా సన్నది తెచ్చారు, అదీ దూరలేదు. నాకు స్పృహ ఉంది, అన్నీ వింటున్నాను. ముప్పావు గంట తర్వాత డాక్టర్ చేతి తొడుగులు తీసేస్తూ, "లోపల రాయిలా ఉంది పెద్దాయనా, ఇక్కడ అయ్యే పని కాదు" అని వెళ్లిపోయారు. అడ్వాన్సు కట్టించుకునే ముందు ఈ సంగతి చూసుకోకూడదా అని ఆ క్షణంలో కడుపు మండింది.

ఆ రాత్రి రెండింటికి, గుండె రోగుల్ని ఉంచే ఐసీసీయూలో, నొప్పి మళ్లీ వచ్చింది. ఎడమ చెయ్యి బరువెక్కి, ఒళ్లంతా చల్లటి చెమట. ఈసీజీ తీశారు, నాలుక కింద స్ప్రే కొట్టారు, బీపీ పడిపోయింది. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టర్ తెర అవతల మా అబ్బాయిని అడిగాడు: "మీ వాళ్లందరికీ కబురు చేశారా?"

ఆ తెర నేలకు జానెడు ఎత్తున ఆగిపోయింది. దాని కింద నుంచి మా వాడి పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. చెప్పులు బయట విప్పించారు కాబట్టి వట్టి కాళ్లతో ఉన్నాడు. వాడి సమాధానం వినిపించలేదు. బొటనవేలు మాత్రం గచ్చును గీరుతూనే ఉంది. చిన్నప్పుడు లెక్క తప్పినప్పుడు కూడా వాడు అలాగే గీరేవాడు. తెల్లవారేదాకా నేను ఆ వేలినే చూస్తూ ఉన్నాను. రక్తం ఇచ్చేవాళ్ల కోసం అడిగాడేమో నాన్నా అని తర్వాత మా వాడు సర్దిచెప్పాడు. కావచ్చు. ఆ మాటను మాత్రం నేను క్షమించలేదు.

మూడో రోజు హైదరాబాద్ తీసుకెళ్లారు. అక్కడి డాక్టరమ్మ తొందరపడలేదు. కాగితం మీద నాళం బొమ్మ గీసి, దాని చుట్టూ కడియంలా గీత గీసి, ఉన్న దారులన్నీ చెప్పింది. బైపాస్‌లో ఈ రాయి జోలికే వెళ్లరు, దాన్ని దాటించి కొత్త దారి కుడతారు. మూడు నాళాలూ చెడిన షుగరు రోగికి చాలావరకు అదే మేలు. నాకు చెడింది ఒక్కటే, పైగా సిగరెట్లు తిన్న ఊపిరితిత్తులు. ఎక్కువ ఒత్తిడితో ఉబ్బే బెలూన్లు, అంచుకు బ్లేళ్లున్న బెలూన్లు పలచటి పొరకు సరిపోతాయి. రోటాబ్లేషన్ అంటే వజ్రపు నలుసులు పొదిగిన చిన్న గుండు, నిమిషానికి దాదాపు లక్షన్నర సార్లు తిరుగుతూ రాయిని అరగదీస్తుంది. ఆ పొడి రక్తకణాల కంటే సన్నగా ఉండి రక్తంలో కొట్టుకుపోతుంది. కానీ ప్రవాహం మందగించవచ్చు, అరుదుగా నాళానికి చిల్లు పడవచ్చు. షాక్‌వేవ్ బెలూన్ మూత్రపిండాల్లో రాళ్లు పగలగొట్టే పద్ధతే, ధ్వని తరంగాలతో గోడ లోతున ఉన్న రాయిని కూడా చిట్లగొడుతుంది. చిక్కల్లా ఆ బెలూన్ ముందు లోపలికి దూరాలి. నాకు ఏదీ దూరడం లేదు కదా! అందుకే ముందు అరగదీసి, తర్వాత చిట్లగొట్టి, ఆపైన స్టెంటు అన్నారు.

నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేశాను. డ్రిల్లు బండను పట్టుకోగానే చప్పుడు బరువెక్కుతుంది, తెగగానే తేలికవుతుంది. బల్ల మీద పడుకుని అదే చప్పుడు నా ఛాతీ దగ్గర విన్నాను. ఈలలా సన్నగా మొదలై, ఓ చోట దిగిపోయి, మూడోసారికి తేలికపడింది. "దారి వచ్చింది కదమ్మా?" అన్నాను. ఆవిడ మాస్కు వెనక నవ్వింది. తర్వాత బెలూన్ పెట్టి సెకనుకు ఒకటి చొప్పున తరంగాలు పంపారు, ఒక్కోదానికి గుండె తడబడినట్టు అనిపించింది. నాళం లోపలికి కాంతితో చూసే కెమెరా పంపి, ఆ కాల్షియం కడియం మూడు చోట్ల చిట్లిందని తెర మీద చూపించాకే స్టెంటు పెట్టారు.

బిల్లు చూస్తే మళ్లీ కోపం వచ్చింది. స్టెంటు ధరకు 2017 ఫిబ్రవరిలో కేంద్రం కళ్లెం వేసింది. ఆ గుండుకూ, ఈ బెలూన్‌కూ అప్పటికి అలాంటి కళ్లెం లేదు. రెండూ కలిపి స్టెంటుకు ఎన్నో రెట్లయ్యాయి. మా ఆవిడ గాజులు రెండు బ్యాంకులో ఉన్నాయి.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఒక మాట అంది: "అక్కడ ఆపేసి మంచి పని చేశారు. రాయి విరగకుండా బలవంతంగా స్టెంటు పెట్టి ఉంటే అది సగమే విచ్చుకునేది, దాన్ని సరిచెయ్యడం మాకూ గగనమయ్యేది." ఇది మింగుడు పడటానికి నాకు నెల పట్టింది.

మీలో ఎవరికైనా స్టెంటు అంటే, కాల్షియం ఎంత ఉంది, లోపలికి కెమెరా పెట్టి చూస్తారా, బెలూన్ దూరకపోతే ఏం చేస్తారు అని ముందే అడగండి. రక్తం పలచబరిచే మాత్రలు ఒక్క పూట కూడా మానకండి. పళ్లు పీకించుకునేందుకు కూడా మీ అంతట మీరు ఆపవద్దు. ఇక కోటప్పకొండ మెట్లు నాచేత ఎక్కిస్తానని మా ఆవిడ మొక్కుకుంది. డాక్టరమ్మ ఒప్పుకున్నాక, ఆరో నెలలో, ఆగి ఆగి ఎక్కాను. నన్ను బతికించింది త్రికోటేశ్వరుడో ఆ వజ్రపు గుండో అని మా ఆవిడతో వాదించను.

కిందటి వారం ఈసీజీ కోసం ఆ పట్టణపు ఆసుపత్రికే వెళ్లాను. మొదటి డాక్టర్ గుర్తుపట్టి నిలబడ్డారు. చేతులు జోడించి, ఆపినందుకు నమస్కారం అన్నాను. ఆయనకు ఏమనాలో తెలియక కాగితం వైపు చూశారు. బయటికొస్తుంటే మా వాడు దగ్గరి దారని ఐసీసీయూ వరండా వైపు తిరగబోయాడు. చుట్టుదారిలో వెళదాం పద అన్నాను.