మల్టీమీటర్‌తో గాస్ లెక్క

ఫోన్‌లోని కంపాస్ సెన్సర్ భూమి అయస్కాంత క్షేత్రానికి సరిపోయేలా చేసింది. హైదరాబాద్‌లో అది సుమారు 0.43 గాస్ (గాస్ అంటే అయస్కాంత క్షేత్ర బలాన్ని చెప్పే కొలమానం). అదే ఫోన్‌ని స్పీకర్ అయస్కాంతం దగ్గర పెడితే అంకె ఒకచోట ఆగిపోతుంది. వందల గాస్ కొలవడానికి ఎస్‌ఎస్49ఈ అనే హాల్ సెన్సర్ (అయస్కాంత క్షేత్రాన్ని వోల్టేజిగా చూపే చిన్న చిప్), మామూలు డిజిటల్ మల్టీమీటర్ కావాలి.

చిప్ మీది అక్షరాలు మనవైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి వరసగా 5 వోల్టులు, గ్రౌండ్, ఔట్‌పుట్. క్షేత్రం లేనప్పుడు ఔట్‌పుట్ 2.5 వోల్టుల దగ్గర ఉంటుంది. అక్షరాల వైపుకి దక్షిణ ధ్రువం వస్తే గాస్‌కి సుమారు 1.4 మిల్లీవోల్టుల చొప్పున పెరుగుతుంది, ఉత్తర ధ్రువం వస్తే అంతే తగ్గుతుంది.

ఈ ఔట్‌పుట్‌ని నేరుగా 20 వోల్టుల రేంజిలో చదవకండి. అక్కడ చివరి అంకె 10 మిల్లీవోల్టులు, అంటే 7 గాస్. 4.7 కిలోఓమ్ రెసిస్టర్, 1 కిలోఓమ్ మల్టీటర్న్ ప్రీసెట్ (మరను చాలా చుట్లు తిప్పి సరిచేసే మూడు కాళ్ల రెసిస్టర్), మళ్లీ 4.7 కిలోఓమ్ రెసిస్టర్ వరసగా కలిపి 5 వోల్టులకి, గ్రౌండ్‌కి మధ్య పెట్టండి. మీటరు నల్ల ప్రోబ్ ప్రీసెట్ మధ్య కాలికి, ఎర్ర ప్రోబ్ సెన్సర్ ఔట్‌పుట్‌కి. అయస్కాంతాలన్నీ దూరం పెట్టి ప్రీసెట్ తిప్పుతూ సున్నా చేస్తే, ఇక 200 మిల్లీవోల్టుల రేంజి వాడుకోవచ్చు. చివరి అంకె ఇప్పుడు 0.07 గాస్. సప్లై కాస్త ఊగినా రెండువైపులా కలిసే ఊగుతుంది కాబట్టి సున్నా పెద్దగా కదలదు. 140 గాస్ దాటితే మీటరు ఎడమన ఒక్క 1 చూపిస్తుంది, అప్పుడు 2000 మిల్లీవోల్టుల రేంజికి మార్చండి.

5 వోల్టులు 9 వోల్టుల బ్యాటరీ నుంచి 7805 అనే వోల్టేజి రెగ్యులేటర్ ద్వారా తీసుకోండి. బ్యాటరీ 7 వోల్టులకి దిగితే మార్చేయాలి.

అసలు పని క్యాలిబ్రేషన్, అంటే తెలిసిన క్షేత్రంతో చిప్‌ని సరిచూడటం. డేటాషీట్‌లో 1.4 అని రాసినా, అదే షీటు 1.0 నుంచి 1.75 దాకా ఒప్పుకుంటుంది. దాన్ని నమ్మి రాసిన గాస్ విలువ పావు వంతు తప్పు కావచ్చు.

ఆ తెలిసిన క్షేత్రం కోసం, వైరింగుకి వాడే 25 మి.మీ. పీవీసీ పైపు మీద 26 గేజి వైండింగ్ వైరు 200 చుట్లు, ఒకే వరసలో, పక్కపక్కన చుట్టండి. సరిగ్గా చుడితే పొడవు 10 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. మోటారు రీవైండింగ్ షాపుల్లో ఈ వైరు తూకానికి దొరుకుతుంది. 3.3 ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌ని వరసలో పెట్టి 2 ఆంపియర్ల ఫోన్ చార్జర్ నుంచి 5 వోల్టులిస్తే దాదాపు 1 ఆంపియర్ పారుతుంది. ఆ కరెంటుని రెండో మీటరుతో చూడండి. తీగ వేడెక్కేకొద్దీ అది తగ్గుతుంది, కాబట్టి కొన్ని సెకన్లలోనే చదివి ఆపేయాలి.

సెంటీమీటరుకి 20 చుట్లు, 1 ఆంపియర్ అయితే 1.257 (స్థిరాంకం) × 20 = 25.1 గాస్. చుట్ట పొడవు అనంతం కాదు కాబట్టి మధ్యలో 3 శాతం తగ్గి 24.4.

చిప్ కాళ్లని ఒంటికి 3 మి.మీ. దూరంలో మడిచి ఐస్‌క్రీమ్ పుల్ల చివర అంటించండి. చిప్ ముఖం పైపు మూతివైపు చూడాలి. పైపు గోడవైపు తిరిగి ఉంటే ఏమీ రాదు. చుట్ట మధ్యకి దూర్చి ఒకసారి చదవండి, చుట్టకి వెళ్లే రెండు తీగలూ తారుమారు చేసి మళ్లీ చదవండి. +36.1, −35.3 మిల్లీవోల్టులు వచ్చాయనుకుందాం. తేడాలో సగం 35.7, 24.4తో భాగిస్తే మీ చిప్ గాస్‌కి 1.46 మిల్లీవోల్టులు ఇస్తోంది. ఇలా తిప్పి చదవడం వల్ల సున్నాలో మిగిలిన తప్పూ, భూమి క్షేత్రమూ రెండూ కొట్టుకుపోతాయి.

చిప్‌ని వేళ్లతో పట్టుకోకండి, ఒంటి వేడికే సున్నా జరుగుతుంది. ఆన్ చేశాక ఐదు నిమిషాలు ఆగండి. బల్ల ఇనుపదైతే చెక్క మీదికి మారండి. చిప్ 30 డిగ్రీలు వంగితే అంకె 13 శాతం తగ్గుతుంది, కాబట్టి అటూ ఇటూ తిప్పి గరిష్ఠం పట్టుకోవాలి.

నియోడైమియం బిళ్ల ముఖం మీద వేల గాస్ ఉంటుంది, ఈ చిప్ 1000 దగ్గరే నిండిపోతుంది. అయస్కాంతాన్ని ఇంకా దగ్గరికి జరిపినా అంకె పెరగడం లేదంటే అది కొలత కాదు. మధ్యలో అట్టముక్కలు పేర్చి దూరం పెంచండి, ఆ దూరాన్ని గాస్ పక్కనే రాసుకోండి.